పది తూటాల పిస్తోళ్లు దొరుకుతుండగా ఐదు తూటాల పొట్టి రివాల్వర్ ఎందుకు?

అరచేతిలో ఇమిడిపోయే 9 ఎంఎం పిస్తోళ్లు పదేసి తూటాలతో దొరుకుతున్నాయి కదా, డాలస్ దగ్గర స్టోర్ నడిపే మా అన్నయ్య ఐదే తూటాలు పట్టే పొట్టి రివాల్వర్ కొంటానని పట్టుబడుతున్నాడు, అందులో ఏముంది అని అడిగారు. నేను ఫోర్ట్‌వర్త్ అవతల తొమ్మిదేళ్లుగా గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాను. అందులో ఏడేళ్లుగా నా ప్యాంటు కుడి జేబులో ఉంటున్నది అలాంటి రివాల్వరే. అందుకని నా అనుభవం చెబుతాను.

అంతకన్నా ముందు ఒక మాట. మీ అన్నయ్యకు గ్రీన్‌కార్డో సిటిజన్‌షిప్పో ఉందనుకుంటున్నాను. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం మామూలుగా ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి కానీ, లాయర్ని అడక్కుండా వాటిని నమ్ముకోవద్దు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డులేని వాళ్లు లైసెన్సు లేకుండానే వెంట పెట్టుకోవచ్చన్నారని మనవాళ్లు చాలామంది ఈ సంగతి మర్చిపోతున్నారు. ఆ "చట్టం అడ్డులేని" అన్న మాటలోనే అంతా ఉంది.

నేను మొదట కొన్నది రివాల్వర్ కాదు. మధ్యరకం సైజు 9 ఎంఎం పిస్తోలు, 15 తూటాలది. కాల్పులు సాధన చేసే రేంజిలో హాయిగా కాల్చేవాణ్ణి. నడుముకి కట్టుకోవడమే కష్టమైంది. ఇక్కడి ఎండాకాలం మన విజయవాడకేం తీసిపోదు, టీషర్టు మీద ఇంకో గుడ్డ వేసుకోలేం. కింద అరలో సరుకు సర్దడానికి వంగితే పిడి పైకి పొడుచుకొచ్చి కనబడేది. కూర్చుంటే పక్కటెముకలో గుచ్చుకునేది. మొదటి నెల రోజూ కట్టుకున్నాను, రెండో నెల బ్యాంకుకి డబ్బు తీసుకెళ్లే రోజుల్లో మాత్రమే, మూడో నెలకి అది ఇంట్లో సేఫ్‌లోనే ఉండిపోయింది.

ఒక రాత్రి పదకొండు దాటాక షట్టర్ వేసి గల్లాపెట్టె సంచీతో కారు దగ్గరికి నడుస్తున్నాను. లైటు పడని మూల నుంచి ఇద్దరు వచ్చి కారుకి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. ఏమీ అడగలేదు. అంతలో హైవే మీంచి ఒక ట్రక్కు పెట్రోలు పంపుల వైపు తిరిగింది, వాళ్లు వెళ్లిపోయారు. జరిగింది అంతే. కానీ ఆ అర నిమిషంలో నాకు తట్టింది ఒక్కటే: పదిహేను తూటాల పిస్తోలు ఇంట్లో ఉంది, నేను ఇక్కడ ఉన్నాను.

మా స్టోర్‌కి రోజూ పొద్దున్నే కాఫీకి వచ్చే పెద్దాయన ఒకరున్నారు, పోలీసు డిటెక్టివ్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకీ సంగతి చెప్పాను. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్లూ కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్ పెట్టుకున్నారట. అది 1927లో వచ్చిన తుపాకీ, రెండంగుళాల బ్యారెల్, ఆరు తూటాలు. మఫ్టీలో తిరిగే పోలీసులకి కోటు కింద దాగే తుపాకీ కావాలి, ఆ అవసరమే దీన్ని నిలబెట్టింది. 1950లో స్మిత్ అండ్ వెస్సన్ చీఫ్స్ స్పెషల్ తెచ్చింది. ఇంకా సన్నగా చేయడానికి ఆరో తూటా వదిలేసి, తూటాలు పట్టే గుండ్రటి సిలిండర్‌ని ఐదుకి కుదించారు. రెండేళ్లకు, కంపెనీ పెట్టి వందేళ్లయిన సందర్భంగా, తూటాని పేల్చడానికి వెనక నుంచి పడే హ్యామర్ బయటికి కనపడని సెంటెనియల్ వచ్చింది. నా దగ్గరున్న 642 మోడల్ రివాల్వర్ ఆ వంశంలోదే. అల్యూమినియం ఫ్రేము, ఖాళీగా దాదాపు 410 గ్రాములు, బ్యారెల్ రెండంగుళాలకు రవ్వంత తక్కువ.

ఇక అందులో ఏముందో చెబుతాను. కొలిస్తే ఇది సన్నటి పిస్తోలు కన్నా మందమే, సిలిండర్ దగ్గర అంగుళం పావు దాటుతుంది. అయినా జేబులో తుపాకీలా కనపడదు. పిస్తోలుకి గీత గీసినట్టు అంచులుంటాయి, గుడ్డ మీద ఆ పలక ఆకారం తేలుతుంది. దీనికి అన్నీ వంపులే. జేబులో కర్చీఫూ తాళాలూ కలిపి కుక్కినట్టు ఒక ఉబ్బు తప్ప ఏమీ తెలియదు.

రెండోది నాకు అన్నిటికన్నా విలువైనది. చీకట్లో కారు వైపు నడిచేటప్పుడు చెయ్యి జేబులో పెట్టుకుని నడవచ్చు. చూసేవాళ్లకి చలికి చెయ్యి దాచుకున్న మనిషి. నా చెయ్యి మాత్రం అప్పటికే పిడి మీద ఉంటుంది. ఏమీ లేదని తెలిస్తే ఖాళీ చెయ్యి బయటికి తీస్తాను, ఎవరినీ బెదిరించినట్టు కాదు, ఎవరికీ తెలియను కూడా తెలియదు. నడుముకున్న పిస్తోలుతో ఈ పని చేయలేం. హ్యామర్ లోపలే ఉంటుంది కాబట్టి తీసేటప్పుడు గుడ్డకి చిక్కుకోదు. మీద పడి పెనుగులాడే మనిషికి ఆనించినప్పుడు పిస్తోలు పైభాగంలో కదిలే స్లైడు వెనక్కి జరిగి పేలకుండా ఆగిపోవచ్చు, దీనికి ఆ బాధ లేదు. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే తర్వాతది వస్తుంది. ట్రిగ్గర్ కూడా ఐదు కిలోల పైచిలుకు బరువు, నిడివి ఎక్కువ, పొరపాటున లాగేది కాదు.

ఇప్పుడు కష్టం సంగతి. "చిన్నది, తేలిక, ఆడవాళ్లకి బాగుంటుంది" అని తుపాకుల దుకాణాల్లో చెప్పే మాట నమ్మొద్దు. తుపాకీ ఎంత తేలికైతే కాల్చినప్పుడు చేతిని అంత గట్టిగా వెనక్కి తన్నుతుంది. మా ఆవిడ రేంజిలో నా 642తో ఐదు కాల్చి కింద పెట్టేసింది, నా పాత పిస్తోలుతో యాభై కాల్చింది. ఇంట్లో ఆ పిస్తోలు ఇప్పుడు ఆవిడదే.

నాకూ ఒక దుకాణంలో ఇలాగే జరిగింది. మొదటిసారి రివాల్వర్ చూడ్డానికి వెళ్తే, ఇంకా తేలికది ఉందంటూ 350 గ్రాములైనా లేని, బాగా శక్తిమంతమైన తూటా వాడే .357 మ్యాగ్నమ్ రివాల్వర్ అంటగట్టారు. ఒక్క సిలిండర్ కాల్చేసరికి బొటనవేలి మొదలు వాచింది. అంతకన్నా ఘోరం, ఆ తన్నుకి కాల్చని తూటాల ముక్కులు వాటి లోహపు తొడుగు (కేసు)లోంచి ముందుకి జరిగి సిలిండర్ తిరగకుండా బిగుసుకుపోయింది. మరీ తేలిక రివాల్వర్లకి ఈ రోగం ఉంటుందని అమ్మినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. నష్టానికి అమ్మేసి 642 తీసుకున్నాను.

చూపు గురి కూడా కష్టమే. ముందు గురికీ వెనక గాడికీ మధ్య దూరం బాగా తక్కువ కాబట్టి చెయ్యి వెంట్రుకవాసి కదిలినా గుండు ఎక్కడికో పోతుంది. నా ముందు గురికి మా ఆవిడ నారింజ రంగు నెయిల్‌పాలిష్ వేశాను, లోహం రంగులోనే ఉన్న గురి చీకట్లో కనపడదు. టెక్సస్ లైసెన్సు పరీక్షలో 50 తూటాలు కాల్చాలి, 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. ఇప్పుడు లైసెన్సు తప్పనిసరి కాకపోయినా, వేరే రాష్ట్రాలకు వెళ్తే పనికొస్తుందని నేను ఈ రివాల్వర్‌తోనే ఆ పరీక్ష రాశాను. ఏడు గజాల దాకా బాగానే కుదిరింది. పదిహేను గజాల దగ్గర ఎన్ని నెలల సాధన కావాలో అప్పుడు అర్థమైంది. ఇప్పటికీ వారానికి మూడు రాత్రులు, తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, రెండుసార్లు చూసుకుని, ఖాళీ రివాల్వర్‌తో గోడ మీద చుక్కకి గురిపెట్టి ట్రిగ్గర్ లాగుతాను. ముందు గురి కదలకుండా ఇరవైసార్లు లాగగలిగితే ఆ రాత్రికి చాలు.

తూటాల గురించి: పొట్టి బ్యారెల్‌లో, నా 642 వాడే .38 స్పెషల్ తూటాకి వేగం తగ్గిపోతుంది, తగిలాక విచ్చుకోవాల్సిన గుల్ల ముక్కు తూటాలు (హాలోపాయింట్లు) చాలాసార్లు విచ్చుకోవు. అందుకని నేను 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ వాడతాను, ముక్కు చదునుగా ఉండి కాగితం మీద గుండ్రంగా కోసినట్టు రంధ్రం చేసే రకం. తన్ను తక్కువ, రెండో తూటా కూడా గురిలోనే పడుతుంది. ఖాళీ కేసులు దులిపేటప్పుడు బ్యారెల్ ఆకాశం వైపు పెట్టి, కేసుల్ని బయటికి తోసే కడ్డీని గట్టిగా కొట్టాలి. ఈ పొట్టివాటిలో కడ్డీ కూడా పొట్టిదే, మెల్లగా నొక్కితే కేసులు సగంలో ఇరుక్కుంటాయి, కాలని మందు పొడి లోపల పడితే సిలిండర్ మూతపడదు.

జేబులో ట్రిగ్గర్ని పూర్తిగా కప్పే ఒర (హోల్‌స్టర్) ఉండి తీరాలి. ఆ జేబులో తాళాలు, చిల్లర, పెన్ను, ఏదీ పెట్టకూడదు. వారానికోసారి జేబు దుమ్ము, నూలు పీచు దులుపుతాను. ఇంటికి రాగానే సేఫ్‌లోకి. 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సస్‌లో నేరం. చట్టం లేకపోయినా నేను ఇలాగే చేసేవాణ్ణి, మా చిన్నాడికి ఆరేళ్లు. గుడికి, పోస్టాఫీసుకి వెళ్లేటప్పుడు ఇంట్లోనే వదిలి వెళ్తాను. పోస్టాఫీసుకి చట్టం ఒప్పుకోదు, గుడికి నా మనసు ఒప్పుకోదు.

2018లో వచ్చిన సిగ్ పీ365 లాంటి చిన్న పిస్తోళ్లు నిజంగానే మంచివి. మీ అన్నయ్య నడుముకి కట్టుకుని రోజంతా ఓర్చుకోగలిగితే అదే కొనమనండి, నేను కాదనను. జేబులోనే పెట్టుకుంటానంటే మాత్రం రివాల్వర్ వైపే చూడాలి. చేతిలో బలం తక్కువైతే 2024లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ .32 క్యాలిబర్ రివాల్వర్ 432 అల్టిమేట్ క్యారీ కూడా చూడొచ్చు. అది ఆరు తూటాలు పట్టే సెంటెనియలే, తన్ను బాగా తక్కువ.

కొనేముందు రేంజిలో అద్దెకి తీసుకుని కనీసం యాభై కాల్చి చూడమనండి. ఫోర్ట్‌వర్త్ వైపు వస్తే ఆదివారం పొద్దున్న నేను రేంజిలోనే ఉంటాను, నా 642 ఇస్తాను, వాడ్‌కట్టర్లు కూడా నేనే తెస్తాను.