ధ్యానానికి కూర్చున్న మేనల్లుడికి

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి,

మేనత్త ఆశీస్సులు. ధ్యానం మొదలుపెట్టానని, ఏడాది తిరిగేసరికి ఊపిరితిత్తులు పెద్దవై ఆస్తమా పోతుందని, అలిపిరి మెట్లు ఆగకుండా ఎక్కేస్తానని రాశావు. మొదలుపెట్టినందుకు మనసారా సంతోషించాను. ఊపిరితిత్తులు పెద్దవవుతాయన్న ఆశ మాత్రం ఇప్పుడే వదులుకో. దాన్ని నమ్ముకుని కూర్చుంటే నాలుగు నెలలకు విసుగొచ్చి మానేస్తావేమోనని నా భయం.

నా ఉద్యోగమంతా ఊపిరితిత్తుల పరీక్ష గదిలోనే గడిచిందని నీకు తెలుసు. ముక్కుకు క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం అందించి, గుండెల నిండా గాలి పీల్చమని చెప్పి, “ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి” అని పక్కన నిలబడి అరవడమే నా పని. ఆరు సెకన్లు ఊదేసరికి ఎంతటివారికైనా ముఖం ఎర్రబడేది. ఏళ్ల తరబడి ధ్యానం చేస్తున్నవారూ ఆ గొట్టంలో ఊదారు. వాళ్ల అంకెలు కూడా వయసుకు, ఎత్తుకు తగ్గట్టే వచ్చేవి. నడివయసు నుంచి, మొదటి సెకనులో ఊదగలిగే గాలి ఏటా సుమారు 25 నుంచి 30 మిల్లీలీటర్లు తగ్గుతూ పోతుంది. కళ్లు మూసుకుని కూర్చున్నంత మాత్రాన ఆ తరుగు ఆగదు. ప్రాణాయామంతో ఊపిరి కండరాలు కొంత బలపడవచ్చు, అది వేరే సంగతి.

మారేది ఊపిరి నడక. ధ్యానం చేసేవాళ్లు తమ వంతు కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు నేను వాళ్లనే గమనిస్తూ ఉండేదాన్ని. భుజాలు కదిలేవి కావు. పొట్ట మెల్లగా లేచి, మెల్లగా దిగి, మళ్లీ లేచే ముందు కాసేపు ఊరుకునేది. పెద్దవాళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, దీర్ఘకాలం ధ్యానం చేసినవారు ఊరికే కూర్చున్నప్పుడు కూడా మిగతావారికంటే నిమిషానికి సగటున 1.6 ఊపిరులు తక్కువ తీస్తున్నట్టు తేలింది. చూడటానికి చిన్న అంకె. రోజంతా లెక్కేస్తే రెండు వేలు దాటుతుంది.

దానివల్ల లాభమేమిటో లెక్క చెబుతాను, ఓపిగ్గా చదువు. ఒక్కో ఊపిరికి సుమారు అర లీటరు గాలి లోపలికి వెళ్తుంది. అందులో 150 మిల్లీలీటర్ల దాకా గొంతులో, శ్వాసనాళాల్లోనే ఉండిపోయి అలాగే వెనక్కి వచ్చేస్తుంది. పనికొచ్చేది 350. నిమిషానికి 15 ఊపిరులైతే పనికొచ్చే గాలి 5,250. పది ఊపిరులతోనే అంత గాలి అందాలంటే ఒక్కోటి 675 ఉంటే చాలు. అప్పుడు మొత్తం పీల్చేది ఏడున్నర లీటర్ల నుంచి ఆరు ముప్పావుకు దిగుతుంది. పైగా నీలాంటివారికి గాలి పీల్చడం కంటే వదలడమే కష్టం. ఊపిరి నెమ్మదిస్తే, ఇరుకైన నాళాల్లోంచి గాలి పూర్తిగా బయటికి రావడానికి వ్యవధి దొరుకుతుంది.

అలాగని బలవంతంగా తగ్గించకు. బిగబట్టకు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరగగానే మెదడు ఊరుకోదు, ఎగశ్వాస తెప్పిస్తుంది. అదే పనిగా లోతుగా, గబగబా పీలిస్తే ఆ కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోయి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అలా అయితే ఆపేసి మామూలుగా కూర్చో. నడుము నిటారుగా, పొట్ట వదులుగా పెట్టుకుని, ముక్కు దగ్గర గాలి వచ్చిపోవడాన్ని గమనించు, అంతే. అది వేగంగా ఉంటే వేగంగానే ఉండనీ. ఎంత తగ్గిందో చూడాలనిపిస్తే నువ్వు లెక్కపెట్టుకోవద్దు, లెక్కపెట్టగానే ఊపిరి మారిపోతుంది. నువ్వు పేపరు చదువుకుంటున్నప్పుడు నీకు తెలియకుండా నిమిషంపాటు లెక్కపెట్టమని మా వదినకు చెబుతాను. అదీ నెలకొకసారి చాలు.

ఇక ఇన్‌హేలర్ మానేస్తానన్న మాట. అది చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో శానిటోరియం తెరిచిన కాలానికి క్షయకు మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, అదే వైద్యం. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చిన తర్వాతే ఆ జబ్బు మందులకు లొంగడం మొదలైంది. గాలి మంచిదే, విశ్రాంతీ మంచిదే, కానీ మందు చేసే పని అవి చేయలేవు. ధ్యానం నీ కంగారును తగ్గిస్తుంది, ఆయాసం వచ్చినప్పుడు బెదిరిపోకుండా చూస్తుంది. నాళాల లోపలి వాపును తగ్గించేది రోజూ పీల్చే ఆ మందే. ఒక్క పూట కూడా మానకు.

మెట్ల మాట అంటావా, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవారు కాలినడకన రావద్దని దేవస్థానం వారే చెబుతుంటారు. అలిపిరి దారిలో మూడున్నర వేల మెట్లు. గాలిగోపురం దాకా ఎక్కేసరికే ఆరోగ్యవంతులకు కూడా రొప్పు వస్తుంది. ముందు మీ డాక్టరు దగ్గర ఊదే పరీక్ష చేయించుకో. మందు పీల్చకముందు ఒకసారి, పీల్చిన పావుగంటకు మరోసారి ఊదిస్తారు. ఆ రెండు అంకెలున్న కాగితం ఫోనులో ఫొటో తీసి నాకు పంపు. అది చూశాక, డాక్టరు సరేనంటేనే, ఎప్పుడు ఎక్కుదామో మాట్లాడుకుందాం.

మీ అత్త