ముందు డిష్‌లు ఎక్కడున్నాయో తేల్చుకో

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

అనంతపురం శివార్లలో మీరు నిలబెట్టిన మూడు రేడియో టెలిస్కోపు డిష్‌ల ఫొటోలు చూసి చాలా సంతోషించాను. ఫేజ్‌లు, అంటే ఒకే అల రెండు డిష్‌లను చేరడంలో ఉండే ముందువెనకల తేడాలు, కుదరడం లేదని ప్రోగ్రాం మొత్తం తిరగరాయాలనుకుంటున్నావు. ఆ పని ఆపు. ముందు డిష్‌ల స్థానాలు సరిచూడు.

టేపు ఎక్కడ పట్టి కొలిచారు? సిమెంటు దిమ్మె అంచు నుంచి కొలిస్తే పనికిరాదు. డిష్‌ను పక్కలకు తిప్పే ఇరుసు, పైకి ఎత్తే ఇరుసు కలిసే బిందువే లెక్క. అవి కలవకపోతే మధ్య ఉన్న ఎడాన్ని కొలిచి రాసుకో. మీరు పట్టే 1420 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 21 సెంటీమీటర్లు. మూలం, అంటే రేడియో తరంగాలు పంపే ఆకాశవస్తువు, ఉన్న దిక్కులో డిష్ స్థానం ఒక్క సెంటీమీటరు తేడా వచ్చినా ఫేజ్ 17 డిగ్రీలు తప్పుతుంది. అంత నిక్కచ్చితనం టేపుతో రాదు, ఆకాశాన్ని చూసే తెచ్చుకోవాలి. మహారాష్ట్రలోని ఖోడద్‌లో ఉన్న పెద్ద రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీలో 45 మీటర్ల డిష్‌లు ముప్పై ఉన్నాయి, వాటికీ ఇదే దారి.

ఒక్క మూలాన్నే చూస్తూ కూర్చుంటే మోసపోతావు. డిష్ స్థానంలో భూమధ్యరేఖ తలం వెంట ఉన్న తప్పు, మూలం ఆకాశంలో సాగేకొద్దీ ఫేజ్‌ను అలలా ఊపుతుంది, దాన్ని పట్టుకోవడం సులువు. భూమి అక్షం వెంట ఉన్న తప్పు మాత్రం ఆ మూలాన్ని చూసినంతసేపూ ఫేజ్‌ను ఒకే మొత్తంలో జరిపి ఉంచుతుంది. కేబుల్ పొడవులో తప్పు కూడా అచ్చం అలాగే ఉంటుంది! రెండింటినీ విడదీయాలంటే ఉత్తర దక్షిణాలుగా ఎడంగా ఉన్న మూలాలు కావాలి. క్రాబ్ నెబ్యులా మనకు దాదాపు నడినెత్తిన వెళుతుంది, కాసియోపియా ఏ ఉత్తరాన 46 డిగ్రీల ఎత్తు దాటదు, సిగ్నస్ ఏ ఆ రెండింటి మధ్య. కార్తీక మాసం ఇందుకు అనువైన కాలం. చీకటి పడేసరికి సిగ్నస్ పడమటికి వాలుతుంటుంది, కాసియోపియా బాగా ఎత్తులో ఉంటుంది, కాసేపటికే క్రాబ్ తూర్పున లేస్తుంది. మూడింటినీ వంతులవారీగా మార్చి మార్చి చూడు.

పగటి కొలతలను ఇందులో కలపకు. మన ఎండకు నేలమీది కేబుళ్లు వేడెక్కి ఫేజ్ జారిపోతుంది. వాటిని పాతిపెట్టి, మూడింటి పొడవూ సమానంగా ఉంచండి.

ఒక డిష్‌ను ప్రమాణంగా పెట్టుకుని మిగతా రెండింటి స్థాన సవరణలు లెక్కకట్టు. లెక్కలో వాడని మూలంతో పరీక్షించు. ఫేజ్ ఊపు తగ్గకపోగా రెట్టింపైతే కంగారుపడకు, సవరణల ప్లస్ మైనస్ గుర్తు తారుమారైనట్టే. గుర్తు మార్చి మళ్లీ వేసి, ఆ గ్రాఫ్ నాకు పంపు.

మీ మామయ్య,
హిందూపురం