విద్యార్థి నాటక బృందం నడుపుతున్న అమ్మాయి: మాన్పించాలా, కొనసాగనివ్వాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి విజయవాడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. అక్కడ విద్యార్థులే నడుపుకొనే నాటక బృందానికి ఈ ఏడాది కార్యదర్శి అయింది. తాను వేషం వేయదు గానీ, సాయంత్రాలన్నీ రిహార్సళ్లకే పోతున్నాయి. హాజరు 70 శాతానికి పడిపోయింది, రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. బీటెక్ అయ్యాక నాటకరంగంలోనే పై చదువు చదువుతానంటోంది. నాటకం కూడు పెట్టదని మా భయం. తన నోటు పుస్తకం పుటలు ఫొటో తీసి పంపుతున్నాను, ఎలాంటి రాతలతో నింపిందో చూడండి. ఇప్పుడే మాన్పించమంటారా?

సమాధానం: మీరు పంపిన ఆ పుటలను నేను శ్రద్ధగా చదివాను. ఎడమ పుటలో నాటిక సంభాషణలు అతికించి ఉన్నాయి. కుడి పుటలో ఎర్ర సిరాతో లైట్ల మార్పులు, నీలి సిరాతో సంగీతం, పెన్సిలుతో నటుల రాకపోకలు రాసి ఉన్నాయి. ఒకచోట "తల్లి ఉత్తరాన్ని కొంగున ముడి వేసుకున్న తర్వాతే ఎడమ లైటు తగ్గించాలి" అని రాసి, కింద "నిన్న తొందరపడ్డాం" అని గీత గీసింది. వృత్తి నాటకరంగంలో రంగస్థల నిర్వాహకులు తయారు చేసుకునే నాటక ప్రతి సరిగ్గా ఇలాగే ఉంటుంది. ప్రదర్శన మొదలైన క్షణం నుంచి తెర పడేవరకు వేదిక అంతా ఆ పుస్తకం ప్రకారమే నడుస్తుంది. ఎవరూ నేర్పకుండానే మీ అమ్మాయి దాన్ని ఇంత నేర్పుగా రాసిందంటే, అది కాలక్షేపం అని నేను అనుకోలేను. అందువల్ల మాన్పించమని మీకు సలహా ఇవ్వలేను.

అధ్యాపకులు దర్శకత్వం వహించగా పిల్లలు వేషాలు వేసే వార్షికోత్సవ నాటికకూ, విద్యార్థులే అన్నీ చూసుకునే బృందానికీ చాలా తేడా ఉంది. రెండో దానిలో రచన ఎంచుకోవడం, హాలు మాట్లాడుకోవడం, సెట్ అద్దె బేరమాడటం, ఖర్చు లెక్క రాయడం, చివరి వారంలో నటుడు మానేస్తే మరొకరిని సిద్ధం చేయడం, అన్నీ ఇరవై ఏళ్ల పిల్లల భుజాల మీదే పడతాయి. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోని న్యూ థియేటర్‌నూ, స్కాట్లండులో ఎడిన్‌బరా విద్యార్థుల బెడ్లమ్ థియేటర్‌నూ నడిపేది విద్యార్థులే. కేంబ్రిడ్జ్ విద్యార్థుల ఏడీసీ నాటక సంఘం 1855లో పుట్టింది. మనకూ ఈ సంప్రదాయం కొత్తది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారుగా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామి విద్యార్థి నాటకాలను ఒక ఉద్యమంలా నడిపించారు. మీ గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదువుకునే రోజుల్లోనే ఎన్టీ రామారావు గారు, జగ్గయ్య గారు నాటకాలు ఆడారు.

ఇక చదువు సంగతి. ఇక్కడ మాత్రం మీ ఆందోళనే సరైనది, మీ అమ్మాయి ధోరణి సరైనది కాదు. జేఎన్‌టీయూ కాకినాడ నిబంధనల ప్రకారం సెమిస్టర్‌కు 75 శాతం హాజరు ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే తగిన కారణం చూపి, రుసుము కట్టి మినహాయింపు కోరవచ్చు. 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవవలసిందే. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలల్లోనూ దాదాపు ఇదే పద్ధతి. రిహార్సల్‌ను తగిన కారణంగా ఎవరూ అంగీకరించరు. మీ అమ్మాయి కోరుకుంటున్న దారికి కూడా ఈ డిగ్రీయే తొలి మెట్టు అన్న సంగతి ఆమెకు తెలుసో లేదో అడగండి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల డిప్లొమాకు దరఖాస్తు చేయాలంటే ఏదో ఒక విషయంలో డిగ్రీ పూర్తయి ఉండాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని రెండేళ్ల రంగస్థల కళల పీజీకీ, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం రంగస్థల కళల శాఖ పీజీకీ కూడా డిగ్రీ కావాలి. ఈసీఈ అయినా అభ్యంతరం లేదు, కానీ మిగిలిపోయిన సబ్జెక్టులతో ఆ గుమ్మం దాటలేరు.

అదే నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మరొక షరతు కూడా పెడుతుంది: అభ్యర్థి కనీసం ఆరు నాటకాల ప్రదర్శనల్లో పాలుపంచుకుని ఉండాలి, హిందీ, ఆంగ్లం పనికి సరిపడా తెలిసి ఉండాలి. మీరు వృథా అనుకుంటున్న సాయంత్రాలు ఈ షరతు దగ్గర అక్కరకు వస్తాయి. ఆ సంస్థలో నటనతో పాటు దర్శకత్వం, రంగాలంకరణ, లైటింగ్ వంటి సాంకేతిక విభాగాలూ నేర్పుతారు. వేషం వేయని పిల్లకు ఆ విభాగాలే అనువైనవని నా అభిప్రాయం. మూడేళ్లు ఢిల్లీలో ఉండటం భారమనిపిస్తే ఆ సంస్థకే బెంగళూరులో ఉన్న కేంద్రంలో ఏడాది కోర్సు ఉంది. అర్హతల వివరాలను మాత్రం ఆ సంవత్సరపు ప్రకటనలో మరోసారి సరిచూసుకోవాలి.

నాటకం కూడు పెట్టదు అన్న మీ భయాన్ని నేను కొట్టిపారేయను. మన వైపు నాటక పరిషత్తు పోటీల్లో ఉత్తమ ప్రదర్శన బహుమతి తెచ్చుకున్న నాటక సమాజానికి కూడా ప్రయాణం, మేకప్, సెట్, సంగీతం ఖర్చులు పోగా చేతిలో మిగిలేది స్వల్పమే. ఎన్నో ఏళ్లుగా నాటకాన్ని నిలబెడుతున్న వారిలో చాలామంది బ్యాంకులోనో, బడిలోనో, రైల్వేలోనో ఉద్యోగం చేస్తూ ఆడుతున్నవారే. వారి నిష్ఠ పట్ల నాకెంతో గౌరవం ఉంది, అయినా అది జీతం ఇచ్చే వృత్తి అని మీకు చెప్పలేను. జీతం దొరికేది నాటకం పక్కన ఉన్న పనుల్లో. పెద్ద సభలకు, కచేరీలకు లైటింగ్, సౌండ్ రూపొందించడం, కార్యక్రమ నిర్వహణ, పాఠశాలల్లో నాటక శిక్షణ, హైదరాబాద్‌లో సినిమా, వెబ్ సిరీస్‌ల నిర్మాణ విభాగాలు, ప్రదర్శన కళల సంస్థల నిర్వహణ అలాంటివి. ఎలక్ట్రానిక్స్ చదివిన అమ్మాయికి లైటింగ్ కంట్రోల్, సౌండ్ మిక్సింగ్ పరికరాలు ఇతరులకన్నా త్వరగా పట్టుబడతాయి. ఆమె రెండు చదువులూ కలిసే చోటు అదే కాబట్టి, నేనైతే మొదట అటువైపు చూడమంటాను.

కార్యదర్శి పదవిని ఈ సెమిస్టర్ చివర జూనియర్లకు అప్పగించి, నాలుగో ఏడాదిలో ఒక్క నాటిక బాధ్యతే తీసుకోమని చెప్పండి. ఆ ఒక్కటీ అంతర విశ్వవిద్యాలయ యువజనోత్సవానికి వెళ్లేదైతే మరీ మంచిది. అక్కడ ఏకాంకికకు 30 నిమిషాలకు మించి ఇవ్వరు, నటులు తొమ్మిది మందికి, సహాయకులు ముగ్గురికి మించకూడదు. అంత బిగువైన నియమాల్లో వేదిక నడిపిన అనుభవం దరఖాస్తులో బాగా కనబడుతుంది. 2023 డిసెంబరులో గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగిన నంది నాటకోత్సవాల్లో కళాశాల, విశ్వవిద్యాలయ నాటికలకు ప్రత్యేక విభాగం ఉంది. మళ్లీ ప్రకటన వెలువడితే ప్రయత్నించవచ్చు.

ఒక జాగ్రత్త కూడా చెప్పండి. విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు మాత్రమే చూసే కళాశాల ప్రదర్శనకు కాపీరైట్ చట్టం వెసులుబాటు ఇస్తుంది. విజయవాడలోని తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి చోట బయటి ప్రేక్షకులకు ప్రదర్శించాలంటే మాత్రం రచయిత అనుమతి రాతపూర్వకంగా తీసుకోవడం మేలు. ఈ ఉత్తర ప్రత్యుత్తరాలు నడపడం కూడా ఆమె నేర్చుకోవలసిన పనిలో భాగమే.

ఇప్పటివరకు పనిచేసిన ప్రతి నాటికకూ కరపత్రం, తేదీ, వేదిక, తాను చేసిన పని, రెండు ఫొటోలు, ఇలాంటి నోటు పుస్తకం నకలు ఒక ఫైలులో పెట్టుకోమనండి. వాటికి బృందం బాధ్యత చూసే అధ్యాపకుల సంతకంతో కళాశాల లెటర్‌హెడ్ మీద ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ సంతకాలు నాలుగో ఏడాది ప్రాజెక్టు పనులు మొదలుకాకముందే పూర్తికావాలి. ఆ తర్వాత అధ్యాపకులు కళాశాల మారితే ఒక్కొక్క కాగితం కోసం నెలల తరబడి తిరగవలసి వస్తుంది.