స్నానాల తొట్టి కోసం వ్యక్తిగత రుణమా?

ప్రశ్న: బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో నాలుగో అంతస్తులో మాకు సొంత ఫ్లాటుంది. నా ఒక్కడి జీతమే, చేతికి నెలకు 1.35 లక్షలు వస్తుంది. ఇంటి రుణం వాయిదా 42,000, పిల్లల ఫీజుతో సహా ఖర్చులు 53,000. బ్యాంకులో 80,000 ఉన్నాయి. విడిగా నిలబెట్టే బాత్‌టబ్ పెట్టించాలని ఉంది. ప్లంబింగ్‌తో కలిపి 4 లక్షలవుతుందన్నారు. మూడేళ్లకు 15 శాతం వడ్డీతో వ్యక్తిగత రుణం వస్తుంది. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. టబ్ కోరుకోవడంలో తప్పేమీ లేదు. చేతిలో నెల ఖర్చు కూడా లేకుండా అప్పుకు సిద్ధపడటమే తప్పు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను.

మీ ఇల్లు నడవడానికి నెలకు 95,000 కావాలి. ఉద్యోగం పోతే మీ 80,000 పాతిక రోజులకు చాలుతుంది. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 5.7 లక్షలు, పక్కన ఉండి తీరాలి. ఈ రుణం తీసుకుంటే నెలకు దాదాపు 13,870 వాయిదా తోడవుతుంది. అప్పుడు కావలసిన అత్యవసర నిధి 6.5 లక్షలు దాటుతుంది. పొదుపు లేని మనిషి అప్పు చేస్తే జరిగేది ఇదే. వడ్డీ రూపంలోనే 99,000 పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే.

ఇక ఆ 4 లక్షల అంచనాను నేను నమ్మను. చాలా అపార్టుమెంట్లలో మన స్నానాల గది మురుగు పైపులు కింది ఫ్లాటువారి ఫాల్స్ సీలింగ్ పైన వేలాడుతుంటాయి. టబ్ గది మధ్యలోకి వస్తే దాని నీరు పోయే రంధ్రం కూడా అక్కడికే రావాలి. స్లాబ్‌కు రంధ్రం కొట్టాలి, కింద ట్రాప్ (మురుగు వాసన పైకి రాకుండా నీటిని నిలిపే వంపు పైపు) బిగించాలి, పైపుకు వాలు చూడాలి, పైన వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాలి. ఆ తర్వాత కనీసం ఒక రోజు నీళ్లు నిలబెట్టి కింది కప్పు తడుస్తుందేమో చూడాలి. నీళ్లు, టబ్, మనిషి కలిసి 300 కిలోలు దాటే బరువును ఆ స్లాబ్ మోయగలదని స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాలి. రెండు నెలల తర్వాత కింది వారి కప్పు మీద మరక కనిపిస్తే టైల్స్ పగలగొట్టించేది మీరే, వారి సీలింగ్ బాగుచేయించేదీ మీరే. కాంట్రాక్టరు అంచనాలో ఆ ఖర్చుంటుందా? అప్పుడు దేనికి చేయి చాస్తారు? క్రెడిట్ కార్డుకా?

మీ లెక్క ప్రకారం నెలకు 40,000 మిగలాలి. బ్యాంకులో 80,000 మాత్రమే ఉన్నాయంటే అది ఎక్కడికో జారిపోతోంది. ముందు ఆ చిల్లు కనిపెట్టండి. జీతం పడిన రోజే 40,000 వేరే ఖాతాకు మళ్లిస్తే దాదాపు 13 నెలల్లో అత్యవసర నిధి నిండుతుంది. ఆ తర్వాత 10 నెలలకు టబ్ డబ్బు చేతికొస్తుంది. మూడేళ్ల అప్పు కన్నా ఇది ముందే పూర్తవుతుంది.

ఇంటి రుణంపై టాప్ అప్‌కు, అంటే ఉన్న రుణం మీదే అదనంగా ఇచ్చే అప్పుకు, వడ్డీ తక్కువే, కానీ నిధి లేని మీకు అదీ వద్దు. మీ ఆరోగ్య బీమా మీరు పనిచేసే కంపెనీ ఇచ్చిందే అయితే కుటుంబానికి సొంత పాలసీ ఈ ఏడాదే తీసుకోండి.

ఈలోగా అపార్టుమెంటు సంఘం నుంచి, కింది ఫ్లాటువారి నుంచి లిఖితపూర్వక అనుమతి అడగండి. అది రాకపోతే స్లాబ్‌కు రంధ్రం కొట్టే ప్రసక్తే ఉండదు, టబ్ మాటను అక్కడితో వదిలేయండి.