మెదడు చిప్‌ల రంగానికి వెళ్లాలంటే ఏ బ్రాంచి?

ప్రశ్న: నేను ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది జనగామ దగ్గర పల్లె. రెండేళ్ల కిందట మా పెదనాన్నకు పక్షవాతం వచ్చి మాట పోయింది. మెదడులో అమర్చే చిప్‌తో అలాంటివాళ్లు మళ్లీ మాట్లాడుతున్నారని చదివాను. అప్పటి నుంచి ఆ రంగంలోకే వెళ్లాలని ఉంది. నాన్న కంప్యూటర్ సైన్స్ తీసుకోమంటున్నారు. నేను బయోమెడికల్ అంటున్నాను. మా లెక్చరర్ ఒకరు మాత్రం, నీట్ రాసి డాక్టరైతే తప్ప మెదడు దగ్గరకు ఎవరూ రానివ్వరని చెప్పారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు మీ పెదనాన్న సంగతి. బ్రాంచి సంగతి తర్వాత చూద్దాం.

మాట పోయిందని అందరి గురించీ ఒకేలా చెబుతాం కానీ, అది పోయే దారులు వేరు. కొందరికి చెప్పదలచుకున్నది లోపల పూర్తిగా తయారై ఉంటుంది. నాలుక, పెదవులు, గొంతు మాత్రం మాట వినవు. మరికొందరికి నోరు కదులుతుంది, పదాలే దొరకవు. ఎదుటివాళ్లు అన్నది కూడా ఒక్కోసారి సగమే అందుతుంది. ఈ రెండోదాన్ని వైద్యులు అఫేసియా అంటారు. మీరు చదివిన విజయాలు దాదాపు అన్నీ మొదటి రకం వారివి. 2023లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బృందం, పద్దెనిమిదేళ్లుగా మాట లేని ఒక మహిళ మెదడు ఉపరితలం మీద 253 ఎలక్ట్రోడ్లు (మెదడు విద్యుత్ సంకేతాలను పట్టే చిన్న లోహపు చుక్కలు) ఉన్న పలుచని రేకు పరిచింది. ఆమె మనసులో అనుకుని పలకబోయిన మాటలను నిమిషానికి సుమారు 78 పదాల వేగంతో తెర మీదకు తెచ్చింది. ఆమెకు స్ట్రోక్ వచ్చింది మెదడు కాండంలో, అంటే మెదడును వెన్నుపాముతో కలిపే చోట. భాషను అల్లే భాగం చెక్కుచెదరలేదు. అక్కడి నుంచి కండరాలకు ఆజ్ఞలు మోసే దారి తెగింది. ఆ తెగిన దారికి పక్కదారి వేయడమే ఆ పరికరం చేసిన పని. అల్లకం జరిగే చోటే దెబ్బతింటే, పక్కదారిలో పంపడానికి సరుకే ఉండదు.

మీ పెదనాన్నది ఏ రకమో డిశ్చార్జి కాగితాల్లో ఉంటుంది. ఆ కాగితాలతో స్పీచ్ థెరపిస్టును కలవండి. రెండేళ్లు దాటాయి కదా, ఇంకేం లాభమని ఊరుకోవద్దు. మీరు పరికరం తయారు చేసేదాకా ఆయన్ను ఆపకండి.

ఇక మీ ఇంట్లో జరుగుతున్న వాదన. ఈ రంగంలో పేరున్నవాళ్లు ఏం చదివారో చూస్తే సగం తేలిపోతుంది. చేతిరాతను ఊహించుకుంటే చాలు, నిమిషానికి 90 అక్షరాలు తెర మీద పడేలా చేసిన స్టాన్‌ఫర్డ్ బృందానికి నాయకుల్లో ఒకరు కృష్ణ షెనాయ్. ఆయనది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. 2013లో తన తలపాగా లాంటి టోపీలో నుంచి వచ్చిన మెదడు సంకేతంతో, క్యాంపస్‌లో మరోచోట కూర్చున్న సహచరుడి వేలు కదిలించిన రాజేష్ రావు హైదరాబాద్ కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో చదివినవారు. ఆయనవి కంప్యూటర్ సైన్స్, గణితం. పైన చెప్పిన 253 ఎలక్ట్రోడ్ల పని నడిపించిన ఎడ్వర్డ్ చాంగ్ న్యూరోసర్జన్. మీ నాన్నగారూ, లెక్చరరుగారూ, మీరూ ముగ్గురూ ఒక్కో ద్వారం దగ్గర నిలబడి, మిగిలిన రెండూ గోడలే అనుకుంటున్నారు.

నన్ను అడిగితే నాలుగో ద్వారం చూపిస్తాను: ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్. ఎందుకో ఒక చిన్న లెక్కతో చెబుతాను, కాగితం తీసుకోండి. ఎలక్ట్రోడ్‌కు అందే సంకేతం మైక్రోవోల్టుల్లో ఉంటుంది, అంటే వోల్టులో పదిలక్షల వంతుల్లో. ఒక న్యూరాన్, అంటే మెదడు కణం, విద్యుత్‌తో టిక్కుమనేది సుమారు ఒక మిల్లీసెకను. ఆ టిక్కు ఆకారం చెడకుండా పట్టాలంటే సెకనుకు 20,000 సార్లు కొలవాలి. ఒక్కో కొలత రాసుకోవడానికి 10 బిట్లు. అలాంటి ఎలక్ట్రోడ్లు వెయ్యి. మూడూ గుణిస్తే సెకనుకు 20 కోట్ల బిట్లు వస్తాయి. తక్కువ కరెంటుతో పనిచేసే బ్లూటూత్ మోయగలిగింది సెకనుకు 10 నుంచి 20 లక్షలు. అంటే కనీసం వంద రెట్ల తేడా. పెద్ద రేడియో పెడదామా అంటే అది వేడెక్కుతుంది. శరీరంలో అమర్చే పరికరాల అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, వాటి పైభాగం 37 డిగ్రీల శరీర ఉష్ణోగ్రత కన్నా 2 డిగ్రీలకు మించి వేడెక్కకూడదు. బ్యాటరీ పెద్దది చేద్దామా అంటే పుర్రెలో చోటు లేదు. కాబట్టి వచ్చిన దాంట్లో ఏది టిక్కో ఏది రొదో పుర్రె లోపలే తేల్చి, పనికొచ్చేది మాత్రమే బయటకు పంపే చిప్ కావాలి. అదీ చీమ తినేంత కరెంటుతో నడవాలి. ఈ కష్టమంతా అనలాగ్ సర్క్యూట్లు, వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్), సిగ్నల్ ప్రాసెసింగ్ సబ్జెక్టుల్లో ఉంటుంది. మన కాలేజీల్లో పిల్లలు పరీక్ష ముందు రాత్రి గైడు చూసి గట్టెక్కించే సబ్జెక్టులు సరిగ్గా ఇవే.

చిప్ బాగుంటే సరిపోదు, ఒంటికి నచ్చాలి. 2004లో అమెరికాలో మెడ కింద చచ్చుబడిన ఒక యువకుడికి అమర్చిన బ్రెయిన్‌గేట్ పరికరం కందిపప్పు బద్దంత చదరం. 4 మిల్లీమీటర్ల పక్క, అందులో దాదాపు వంద సన్నని సూదులు. దానితో అతను ఆలోచనతోనే కర్సరు కదిపి ఈమెయిల్ తెరిచాడు. కానీ మెదడు పెరుగులా మెత్తన, సూది గట్టిది. కాలం గడిచేకొద్దీ చుట్టూ మచ్చకణజాలం పేరుకుంటుంది, సంకేతం మసకబారుతుంది. అందుకే న్యూరాలింక్ అనే అమెరికా కంపెనీ గట్టి సూదులకు బదులు వెంట్రుక కన్నా సన్నని మెత్తని దారాలను ఎంచుకుంది. 2024 జనవరిలో అమర్చిన తొలి వ్యక్తిలో వాటిలోనూ చాలా దారాలు వెనక్కి జారాయి. పుర్రె మళ్లీ తెరవకుండా, సంకేతం చదివే సాఫ్ట్‌వేర్‌ను మార్చి పనితీరు వెనక్కి రప్పించారు. పదార్థం ఓడిన చోట కోడు నిలబెట్టింది. ఈ ముక్క మీ నాన్నగారికి చదివి వినిపించండి, సంతోషిస్తారు.

కోడు వైపు వెళ్తే మీకు నచ్చే పని ఒకటి ఉంది, దాని గురించి రాసేవాళ్లు నాకు ఎక్కడా కనిపించరు. 2024లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బృందం, కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతినే ఏఎల్ఎస్ జబ్బుతో మాట ముద్దగా మారిపోయిన వ్యక్తికి 256 ఎలక్ట్రోడ్లు అమర్చింది. పాత రికార్డింగుల సాయంతో ఆయన సొంత గొంతులాంటి గొంతుతోనే కంప్యూటర్ మాట్లాడింది. పదాలు 97 శాతానికి పైగా సరిగ్గా వచ్చాయి. అది ఇంగ్లీషు కాబట్టి, 39 ధ్వనులు గుర్తుపట్టి, 1,25,000 పదాల నిఘంటువులో వెతికితే పని జరిగింది. మీ పెదనాన్న 'వెళ్లలేకపోయానంటున్నాడేమో' అనబోతే? అది ఒక్క పదం. ఏ నిఘంటువులోనూ ఉండదు. క్రియకు అతుక్కునే ప్రత్యయాలన్నీ లెక్కేస్తే లక్ష పదాలు ఒక మూలకు రావు. అక్షరాల్లో ఒత్తులూ దీర్ఘాలూ వేరే. తెలుగులో ఆలోచించే మనిషికి ఇలాంటి పరికరం పెట్టే రోజు వస్తే, ఎలక్ట్రోడ్లు అమెరికావి దిగుమతి చేసుకోవచ్చు, తెలుగు నమూనాను మాత్రం ఇక్కడే ఎవరో కూర్చుని అల్లాలి.

బయోమెడికల్‌కు నేను వ్యతిరేకిని కాను. ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాలలో ఈ బ్రాంచి చాలాకాలంగా ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బీటెక్‌లోనే ఉంది. వాటిలో సీటు వస్తే నిశ్చింతగా చేరండి. మిగిలిన చోట్ల మాత్రం సిలబస్ తెచ్చి చూడండి. ఆసుపత్రి యంత్రాల నిర్వహణ దగ్గరే ఆగిపోయి, సర్క్యూట్లు, సిగ్నల్స్ పలుచగా ఉంటే మీకు సరిపోదు. బ్రోచరులో న్యూరో అన్న ముక్క చూసి ఫీజు కట్టేయకండి. ఈసీఈ చేసి తర్వాత అటు మళ్లడానికి దారి తెరిచే ఉంది: ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో 2020 నుంచి బయోమెడికల్‌కు విడిగా పేపర్ ఉంది. ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ కలిసి నడిపే క్లినికల్ ఇంజినీరింగ్ ఎంటెక్ ఉంది. బెంగళూరు ఐఐఎస్సీలో న్యూరోసైన్స్ కేంద్రం ఉంది. చిత్ర సంస్థ ఊరికే చెప్పలేదు. మన దేశపు తొలి కృత్రిమ గుండె కవాటం అక్కడే తయారై, 1990లో తొలిసారి మనిషికి అమర్చారు. శరీరంలో పెట్టే వస్తువును ఇక్కడే కనిపెట్టి, పరీక్షించి, రోగి దాకా తెచ్చిన అనుభవం ఉన్న చోటు అది.

నీట్ విషయం. వైద్యం మీద మనసుంటే వెళ్లండి, కానీ ఈ పని కోసమే అయితే కాలం లెక్కేసుకోండి. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఆపైన న్యూరోసర్జరీకి ఇంకో ఆరు. ఆపరేషన్ చేసే చెయ్యి కావాలంటే అదొక్కటే దారి. మీ ఉత్తరంలో ఆ కోరిక నాకు కనపడలేదు.

ఉద్యోగాల గురించి దాచకుండా చెబుతాను. మెదడు సంకేతాలు చదివే చిప్‌లు చేసే కొలువులు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. పాత పద్ధతి అమరికల్లో మాత్రం పని ఉంది. పార్కిన్సన్స్ వణుకును తగ్గించేందుకు మెదడు లోతుల్లో తీగ పెట్టి కరెంటు ఇచ్చే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ హైదరాబాద్ నిమ్స్‌లోనూ చేస్తారు. ఆ పరికరాలు తయారుచేసే కంపెనీల్లో ఒకటైన మెడ్‌ట్రానిక్‌కు హైదరాబాద్‌లో పెద్ద ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. 2020లో దానికి 1,200 కోట్ల రూపాయల పెట్టుబడి ప్రకటించారు. ఈ పాత, కొత్త గీత కూడా చెరిగిపోతోంది: ఎప్పుడూ ఒకే మోతాదు కరెంటు ఇవ్వకుండా, మెదడు సంకేతం చదివి దాన్ని బట్టి మోతాదు మార్చుకునే పరికరానికి 2025లో అమెరికా అనుమతి ఇచ్చింది. మూర్ఛకు అలాంటిది 2013లోనే వచ్చింది. మొదటి అయిదేళ్లు ఇలాంటి చోట పని నేర్చుకుంటే నష్టం లేదు.

ఒక చేదు సంగతి కూడా తెలిసి రండి. చూపు పోయినవారి కంటి వెనుక పొరకు అమర్చే ఆర్గస్ 2 పరికరం అమెరికాలో 2013లో అనుమతి పొందింది. కొన్నేళ్లకు కంపెనీ దాని తయారీ ఆపేసింది, తర్వాత డబ్బు ఇబ్బందుల్లో పడింది. అప్పటికే అమర్చుకున్న కొన్ని వందల మందికి విడిభాగాలు లేవు, మరమ్మతు లేదు. ఫోను కంపెనీ మూతపడితే ఇంకో ఫోను కొంటాం. తలలో ఉన్నదాన్ని ఏం చేస్తాం? రేపు మీరు ఏ బృందంలో చేరినా, పరీక్షలు ముగిశాక రోగి పరికరాన్ని ఎవరు చూసుకుంటారని ఇంటర్వ్యూలోనే అడగండి.

చివరిగా, వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు ఒక పని చేయండి, ఖర్చు లేదు. ఫిజియోనెట్ అనే ఉచిత భాండారంలో 109 మంది తల మీద 64 ఎలక్ట్రోడ్లు పెట్టి రికార్డు చేసిన ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల) ఫైళ్లు ఉన్నాయి. ఒక మనిషివి మొదటి రెండు తీసుకోండి. మొదటిది కళ్లు తెరిచి ఉన్న ఒక నిమిషం, రెండోది కళ్లు మూసుకున్న ఒక నిమిషం. కాలేజీ ల్యాబులో పైథాన్ ఉంటుంది, దానికి ఎంఎన్ఈ అనే లైబ్రరీ జోడించండి. తల వెనుక భాగపు ఎలక్ట్రోడ్లు ఎంచుకుని, ఏ పౌనఃపున్యంలో ఎంత శక్తి ఉందో గ్రాఫు గీయండి. రెండో ఫైలులో 10 హెర్ట్జ్ దగ్గర చిన్న గుట్ట లేవాలి. కళ్లు మూసుకుంటే పెరిగే ఆల్ఫా తరంగం అది. 1929లో హాన్స్ బెర్గర్ అనే జర్మన్ వైద్యుడు లోకానికి చెప్పినదాన్ని మీరు మీ కళ్లతో చూస్తారు.

మొదటిసారి గీసినప్పుడు గుట్ట రాకపోవచ్చు. ఎలక్ట్రోడ్ పేరు తప్పు పడి ఉంటుంది, లేదా ఫిల్టరు. అందరికీ అలా తేలదు కూడా, కాబట్టి ఇంకో ఇద్దరి ఫైళ్లు చూడండి. ఆ తప్పు వెతుకుతూ అన్నానికి పిలిచినా లేవకపోతే, మొదటి ఆప్షన్లు ఈసీఈ, ఆ తర్వాత మంచి బయోమెడికల్ పెట్టండి. అరగంటకే విసుగొచ్చి మూసేస్తే కంప్యూటర్ సైన్స్ తీసుకోండి, ఇంట్లో గొడవ కూడా తీరుతుంది.