సాతే లిలిత్ తినే ముందు ఏమి అడగాలి?

ఇండోనేసియాలోని బాలి ద్వీపపు రాజధాని దెన్‌పసార్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లు నన్ను తరచుగా అడిగే సందేహం ఇది: "మేము కోడి, చేప తింటాము గానీ పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టము. సాతే లిలిత్ మేము తినవచ్చా?"

తప్పకుండా తినవచ్చు, కాకపోతే అడిగి తినాలి. సాతే లిలిత్ అంటే కైమా కొట్టిన మాంసాన్ని పుల్లకు చుట్టి నిప్పుల మీద కాల్చే బాలి వంటకం. "లిలిత్" అంటే చుట్టడం. ఆ పేరు మాంసాన్ని పుల్లకు చుట్టే తీరును చెబుతుందే తప్ప అది ఏ మాంసమో చెప్పదు. కుసాంబా వంటి తీర గ్రామాలలో చేపతో చేస్తారు. మిగిలిన చోట్ల కోడితోనూ, పందితోనూ చేస్తారు. మాంసాన్ని కైమా కొట్టి, కొబ్బరి తురుమూ మసాలా ముద్దా కలిపి పిసుకుతారు కనుక, కాలిన తరువాత చూపును బట్టి పోల్చుకోవడం చాలా కష్టం. నేను వచ్చిన మొదటి వారంలోనే ఒక వారుంగ్‌లో, అంటే ఇక్కడి చిన్న హోటల్‌లో, కోడి అనుకొని రెండు పుల్లలు తిన్నాను. అది పంది అని తరువాత తెలిసి ఆ రాత్రంతా బాధపడ్డాను. అడగకపోవడం నా పొరపాటే.

అందుకే "ఇనీ దగింగ్ అపా?" (ఇది ఏ మాంసం?) అన్న మాటను ముందుగా నేర్చుకోండి. ఆయామ్ అంటే కోడి, ఇకాన్ అంటే చేప, బాబి అంటే పంది, సాపి అంటే ఆవు. హలాల్ బోర్డు ఉన్న చోట పంది ఉండదు గానీ గొడ్డు మాంసం ఉండవచ్చు. శాకాహారులు పుట్టగొడుగులతో చేసినది దొరికినా తెరాసి, అంటే రొయ్యల ముద్ద, వేశారేమో విచారించాలి.

210 రోజులకు ఒకసారి వచ్చే బాలి హిందువుల గలుంగన్ పండుగకు ముందురోజు మగవారు కలిసి మాంసం తరిగి లావార్ (కూరగాయలు, కొబ్బరి, తరిగిన మాంసం కలిపిన వంటకం), సాతే సిద్ధం చేస్తారు. వంటకాలను ఇరుగుపొరుగుకు పంచే "ఙెజోత్" అనే ఆచారమూ ఉంది. మీరు ఏమి తినరో పొరుగువారికి కొన్ని రోజుల ముందే మర్యాదగా చెప్పి ఉంచండి. పళ్లెం వచ్చాక తిప్పి పంపడం కంటే అది ఎంతో మేలు.

ఇంట్లో చేసుకుంటే ఏ బెంగా ఉండదు. చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, అల్లం, పచ్చి పసుపు కొమ్ము, దుంపరాష్ట్రం, మిరపకాయలు, ధనియాలు, మిరియాలు నూరి, నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి చల్లార్చండి. ముళ్లు తీసిన వంజరం చేపను మెత్తగా కొట్టి, ఆ ముద్దనూ కొబ్బరి తురుమునూ చేర్చి, చేతికి జిగురుగా అంటేదాకా పిసకండి. తడిచేతిలో నిమ్మకాయంత ముద్ద తీసుకొని, నిమ్మగడ్డి కాడను తిప్పుతూ వేళ్లతో అదమండి. కింది అంచును పలుచగా నొక్కి కాడకు అతికించకపోతే, నిప్పుల మీద తిప్పేటప్పుడు ముద్ద జారి బొగ్గులలో పడిపోతుంది.