కంపైలర్‌కి ఓ2 (కోడ్ వేగంగా నడిచేలా మార్చే ఆప్టిమైజేషన్ స్థాయి) పెడితేనే ప్రోగ్రామ్ క్రాష్ అయితే తప్పు కచ్చితంగా మన కోడ్‌దేనా?

"మనదే, కంపైలర్‌ని అనకు" అని సీనియర్లు కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. చాలాసార్లు మనదే, నిజమే. 2009లో లినక్స్ కెర్నల్‌లోని టన్ అనే వర్చువల్ నెట్‌వర్క్ డ్రైవర్‌లో బయటపడింది అలాంటిదే. పాయింటర్‌ను (మెమరీ అడ్రస్‌ను) ముందు వాడేసి, అది నల్ (ఏ చోటినీ చూపని ఖాళీ అడ్రస్) అవునా కాదా అని తర్వాత చూశారు. వాడారు కాబట్టి నల్ కాదని జీసీసీ కంపైలర్ ఆ చెక్ తీసేసింది.

నాకు ఎదురైంది వేరు. ఒక చిప్ కంపెనీ సొంత కంపైలర్ మీద పనిచేసేవాణ్ణి. ప్యాకెట్ల లిస్టు చదివే ఫంక్షన్ ఓ0లో (ఆప్టిమైజేషన్ లేకుండా) బాగానే నడిచేది, ఓ2లో పడిపోయేది. రెండు రోజులు ఆ కోడ్ రాసినవాళ్లనే అనుమానించాం. మూడో రాత్రి అసెంబ్లీ తీసి చూస్తే, సోర్సులో పి అనే పాయింటర్‌ని 'నల్లా' అని అడిగినచోట పోల్చే ఇన్‌స్ట్రక్షనే లేదు. నేరుగా లోడ్ చేసేస్తోంది. గుండె గుభేల్మంది, అది మా రేంజ్ పాస్ పని (ఏ వేరియబుల్‌కి ఏ విలువలు రావచ్చో లెక్కగట్టి, అక్కర్లేని చెక్‌లు తీసేసే కంపైలర్ దశ).

ఆ పాస్‌కి ముందు, తర్వాత కోడ్ ఎలా ఉందో చూపే డంపులు పక్కపక్కన పెట్టాను. రెండు దారులు కలిసే చోటది. ఎడమ దారిలో పి నుంచి పొడవు చదివారు, కాబట్టి అక్కడ నల్ కాదు. కుడి దారిలో పి సంగతి మనకు తెలియదు. కలిసినచోట 'ఏదైనా కావచ్చు' అనాలి. మా పాస్ 'నల్ కాదు' అంది. పూర్ణాంకాల గురించి ఏమీ తెలియకపోతే పూర్తి రేంజ్ పెట్టేవాళ్లం. పాయింటర్లకు మాత్రం ఖాళీ రేంజ్ అలాగే వదిలేశారు. ఖాళీ అంటే 'ఈ దారిన ఏ విలువా రాదు' అని. దాన్ని దేనితో కలిపినా ఆ రెండోదే మిగులుతుంది!

మార్చింది రెండే లైన్లు. సీ-రెడ్యూస్‌తో (బగ్ పోకుండా కోడ్‌ని చిన్నది చేసే టూల్) ఆ ఫంక్షన్ని 11 లైన్ల టెస్టుగా కుదించడానికే ఎక్కువ టైమ్ పట్టింది. ఈలోగా మేనేజర్ "ఆ ఫైలుకి తక్కువ స్థాయి ఓ1 పెట్టి పంపేద్దాం" అన్నారు. ఒక ఫైల్లో దాచితే ఇంకో ఫైల్లో పేలదా?

అసలు బాధ కాలేజీ గురించి. మాకు బీటెక్‌లో కంపైలర్ డిజైన్ అంటే ఎల్ఎల్(1) టేబుళ్లు (కోడ్ వ్యాకరణాన్ని విడదీసే పార్సింగ్ పట్టికలు) నింపడమే. డేటాఫ్లో (ప్రోగ్రామ్ దారుల వెంట విలువల సమాచారం ఎలా పారుతుందో చూడటం) ఆఖరి యూనిట్, అక్కడిదాకా క్లాసు రానే లేదు. దారులు కలిసేచోట ఏం చేయాలో నేను ఉద్యోగంలో, ఆ రాత్రి టెన్షన్‌లో నేర్చుకున్నాను.

మీది జీసీసీ అయితే దాని రేంజ్ పాస్‌ని ఆపే ఎఫ్-నో-ట్రీ-వీఆర్‌పీ ఆప్షన్ పెట్టి చూడండి. క్రాష్ ఆగినంత మాత్రాన తప్పు కంపైలర్‌దని తేలిపోదు. చెక్ ఎక్కడ మాయమైందో డంపులో వెతికి, దానికి ముందు ఆ పాయింటర్‌ని మీరే వాడారేమో చూడండి.